అమ్మ దిక్కు తడి ఉంది

మా కింది గదిలో అద్దెకుండే స్రవంతి పొద్దున ఆరు కొట్టకముందే గేటు తీస్తుంది. బోరబండ స్టేషన్‌లో రైలెక్కి, పక్క స్టేషన్ హైటెక్ సిటీలో దిగి, అక్కడొక అద్దాల మేడలో తొమ్మిదో అంతస్తు శుభ్రం చేస్తుంది. ఊడ్చి తుడుస్తుంది అని ఎవరైనా అంటే మాత్రం ఆమెకు ముక్కు మీద కోపం.

“ఊడ్సుడు తుడ్సుడు అందరు చేస్తరు టీచరమ్మా. మాది పద్ధతి ఉంటది” అంటుంది.

ఆ పద్ధతి నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది. ఎర్రబట్ట బాత్‌రూములకు. నీలంబట్ట బల్లలకు. ఆకుపచ్చబట్ట కాఫీ మిషన్ పెట్టిన గదికి. ఎర్రబట్టను ఇంకెక్కడా ముట్టించకూడదు. నేల మీద తడి గుడ్డ వేశాక, అందరికీ కనబడేలా పసుపు బోర్డు నిలబెట్టాలి. అది ఆరేదాకా ఎంత పెద్ద సారైనా చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఇది చెప్పేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా అవుతుంది.

నా పేరు కనకలక్ష్మి. ముప్పైరెండేళ్ళు సర్కారు బడిలో తెలుగు చెప్పాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పిల్లలచేత ఎన్ని వందలసార్లు రాయించానో, ఆ ముక్క నేను మాత్రం నేర్చుకోలేదు. ఈ కథలో నా నోరు చేసిన పని కూడా ఒకటుంది. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను.

స్రవంతి భర్త రమేష్ తెల్లాపూర్‌లో కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర సెక్యూరిటీ. పొద్దున పోతే దీపాలు పెట్టాకే వస్తాడు. ఇద్దరిదీ జోగిపేట దగ్గర పల్లె. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది రోహిణి, రెండో తరగతి. చిన్నది జ్యోత్స్న, మూడున్నరేళ్ళు. సాయంత్రం కాగానే ఇద్దరూ పలకలు పట్టుకుని నా వరండాలోకి వస్తారు. చదువు అరగంట, అల్లరి గంటన్నర.

పోయిన వానాకాలం స్రవంతికి దగ్గు పట్టుకుంది. ఆమె గది కిటికీ సరిగ్గా నా వరండా కిందనే ఉంటుంది. నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చునే వేళకే ఆ దగ్గు మొదలయ్యేది. ఆఫీసులో వాడే మందునీళ్ళ ఘాటు పడలేదని ఆమె అనేది. వారం ఓపిక పట్టాను. తర్వాత ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

“స్రవంతీ, ఆ కిటికీ జర మూసుకో బిడ్డా. నీ దగ్గు వింటుంటే నా గొంతు గీరుతున్నది.”

ఆమె మారు మాట్లాడకుండా మూసుకుంది. ఆ తర్వాత ఆ కిటికీ మళ్ళీ తెరుచుకోలేదు. చెప్పిన మాట వినే పిల్ల అని లోలోపల మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రాఖీ పండుగ దాటాక ఆమె డ్యూటీకి పోవడం మానేసింది. ఎప్పుడు కనబడ్డా ముఖానికి చున్నీ చుట్టుకుని ఉండేది. మెడ ఎముకలు తేలాయి. ఏమైందంటే “జర కమ్‌జోర్ అయింది టీచరమ్మా, ఒంట్ల సత్తువ లేదు, లీవ్ పెట్టిన” అంది. మూడో కాన్పు కాబోలు, కొడుకు కోసం చూస్తున్నారు కాబోలు అనుకుని నేను మనసులోనే ఇద్దరినీ నాలుగు తిట్లు తిట్టాను. అడిగి తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

దసరా సెలవులు మొదలైన రోజు సాయంత్రం జ్యోత్స్న నా దగ్గర కూర్చుని పలక మీద సున్నాలు చుడుతోంది. దాని జడ చూస్తే పిచ్చుక గూడు నయం.

“ఈ జడ ఎవరు వేసిన్రే?”

“అక్క ఏసింది.”

“అమ్మ ఏం చేస్తున్నది మరి?”

“అమ్మ దిక్కు తడి ఉంది. పోవొద్దు. జారి పడ్తం.”

“తడా? ఎప్పటి సంది?”

“మస్తు దినాల సంది. ఆరుతనే లేదు.”

నా గుండె గుభేలుమంది. పిల్లమీద బెంగతో కాదు, ఇంటిమీద. పోయిన ఎండాకాలమే కప్పుకూ గోడలకూ నీరు దిగకుండా పూత వేయించాను. మళ్ళీ చెమ్మా? ఇంటి ఓనరు బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆ మేస్త్రీని తిట్టుకుంటూ, పలక పక్కన పెట్టి, విసవిసా కింది గదికి వెళ్ళి తలుపు నెట్టాను.

నేల పొడిగానే ఉంది. గోడలూ పొడిగానే ఉన్నాయి. గది మధ్యలో మాత్రం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేల మీద ఎర్ర టేపు అంటించి ఉంది. టేపుకు ఇవతల పిల్లల బొంత, పుస్తకాల సంచి. అవతల ఒక చాప. ఆ చాప పక్కన ఒక పళ్ళెం, గ్లాసు, చెంబు. అన్నిటికీ ఎర్ర టేపు ముక్కలు. చున్నీ చుట్టుకున్న స్రవంతి అవతలి వైపు మోకాళ్ళమీద కూర్చుని, నీళ్ళు తోసే వైపర్ కర్రతో అన్నం పళ్ళేన్ని రోహిణి వైపు నెడుతోంది.

నన్ను చూడగానే కేక పెట్టింది. “టీచరమ్మా, ఆడ్నే ఆగుండ్రి! లోపటికి రావొద్దు!”

రోహిణిని చెల్లెలి దగ్గరికి పంపేసింది. తర్వాత గోడకు ఆనుకుని, నా ముఖం చూడకుండా చెప్పింది.

“టీబీ అన్నరు. మందులు మింగవట్టి ఐదు వారాలైతున్నది. మీకు చెప్తే ఖాళీ చెయ్యమంటరని చెప్పలే.”

నేను గడపలోనే ఆగి నేలవైపు చూపించాను.

“మరి ఈ టేపేంది?”

“మా దాంట్ల ఎర్రది అంటే ముట్టొద్దని లెక్క. పిల్లలకు రోగం అని చెప్తే ఏం సమజైతది? అందుకే తడి అని చెప్పిన. తడి అంటే మా ఆఫీసుల గంతగంత పెద్ద సార్లు సుత ఆగి పక్కకెళ్ళి పోతరు. వీళ్ళు ఆగరా అనుకున్న. ఆగిన్రు. ఒక్కనాడు సుత దాటలే.”

ఆ చివరి మాట చెబుతూ కళ్ళు తుడుచుకుంది. పిల్లలు మాట విననందుకు ఏడ్చే తల్లులను చూశాను గానీ, విన్నందుకు ఏడ్చే తల్లిని అప్పుడే చూశాను.

ఐదు వారాలుగా ఆమె ఆ గీత అవతల నుంచే పిల్లలను పెంచుతోంది. మాత్రలు వేసుకోగానే కడుపులో తిప్పుతుంది. గోడ పట్టుకుని లేచి, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని అన్నం వండుతుంది. పళ్ళేలు కర్రతో నెడుతుంది. జడ ఎలా వేయాలో రోహిణికి దూరం నుంచి చెబుతుంది, మూడు పాయలు తియ్యి, నడిమిది కిందికెళ్ళి తియ్యి అంటూ. రిబ్బన్లు గీత మీదుగా విసురుతుంది. ఒళ్ళు కాలుతున్నా సరే పడుకునే ముందు ఆఫీసు కథ ఒకటి చెప్పాల్సిందే. లిఫ్టులో ఇరుక్కున్న పిల్లి కథ, మీట నొక్కితే నురగ కక్కే కాఫీ మిషన్ కథ. కథ చెబుతూ చెబుతూ మధ్యలోనే ఆమెకు నిద్ర ముంచుకొచ్చేదట. అప్పుడు మిగతా కథ రోహిణి అల్లి చెల్లెలికి చెప్పేదట.

“ఆదివారం మా అత్తమ్మ వస్తున్నది” అంది స్రవంతి. “పిల్లలను ఊరికి తీస్కపోతది. నా మందులు అయిపోయేదాంక ఆడనే ఉంటరు. రోహిణిని ఆడ బడిల ఏస్తరట. నేనే సరే అన్న. ఈడ ఉంటె నా రోగం వాళ్ళకంటుతది. పోతే…” ఆగింది. “పెద్దదానికి యాదుంటది. చిన్నది నన్ను మర్చిపోతది టీచరమ్మా.”

నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. ఓదార్పు మాట ఒక్కటి కూడా అనకుండా పైకి వచ్చి, రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఆమెను ముట్టుకోనైనా లేదు. తర్వాత కూర్చుని, రమేష్ వస్తే ఖాళీ చేయమని ఎంత మర్యాదగా చెప్పవచ్చో మాటలు పేర్చుకున్నాను. రమేష్ వచ్చాడు. గేటు దగ్గర జ్యోత్స్న ఎగిరి అతని మెడ పట్టుకుంది. పేర్చుకున్న మాటలు నా నోట్లోనే ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున మా బస్తీ ఆశా వర్కర్ శ్రీలత వచ్చింది. ఇన్నాళ్ళూ స్రవంతి ఆమెను గేటు దగ్గరే మాట్లాడి పంపించేసేది, నాకు తెలిసిపోతుందని. పిల్లలు ఊర్లో ఉన్నారని అబద్ధం కూడా చెప్పింది. ఇక నాకు తెలిసిపోయింది కదా, లోపలికి రానిచ్చింది. నేను గడప దగ్గర నిలబడ్డాను. శ్రీలత మాస్కు సర్దుకుని గది చూసింది, టేపు చూసింది, కిటికీ చూసింది, చివరికి మూలన ఉన్న పిల్లలిద్దరినీ చూసింది.

“ఏంది అక్కా ఇది? పిల్లలు ఊర్లున్నరంటివి!” అంది. కోపంతో ఆమె గొంతు పెద్దదైంది. “వీళ్ళకు ఎప్పుడో పరీక్ష కావాలె. ఇంట్ల ఒకరికి వస్తే అందరిని చూడాలె. ఇంగ ఈ పళ్ళేలకు టేప్ ఏంది? పళ్ళెం నుంచి టీబీ రాదు, గ్లాసు నుంచి రాదు. దగ్గితే గాలి నుంచి వస్తది. పళ్ళేలు దూరం పెట్టి, కిటికీ బంద్ పెట్టి, అందరు ఒక్క గాలే పీలుస్తున్నరు! ఈ కిటికీ ఎవరు మూయమన్నరు నీకు?”

స్రవంతి తల వంచుకుంది. నా వైపు కన్నెత్తైనా చూడలేదు. ఆమె నా పేరు చెప్పి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

“నేనే మూయమన్న” అన్నాను.

శ్రీలత కిటికీ వైపు నడిచింది. నేను బయటికి వచ్చి కిటికీ రెక్క లాగాను. వానకు చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. లోపలి నుంచి శ్రీలత నెట్టింది, కదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరిమీదో నాకే తెలియదు. పైకి వెళ్ళి మా అత్తగారి కాలం నాటి రోకలి తెచ్చాను. లోపలివాళ్ళను పక్కకు జరగమని, బయటి నుంచి అంచు మీద నాలుగు పోట్లు పొడిచాను. అరవైఆరేళ్ళ ముసలమ్మ రోకలితో సొంత ఇంటి కిటికీని పొడుస్తుంటే ఎదురింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చి చూశారు. చూస్తే చూశారు. అయిదో పోటుకు రెక్క ఊడినంత పని చేసి తెరుచుకుంది. గదిలోకి ఎండ పడింది.

“టీచరమ్మ ఇల్లు ఇరగ్గొడుతున్నది” అంది జ్యోత్స్న సంబరంగా.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు మల్లమ్మ దిగింది. చేతిలో జొన్నరొట్టెల మూట, చంకలో ఖాళీ సంచి. ఆ ఖాళీ సంచి పిల్లల బట్టలకని చూడగానే తెలిసింది. గడసరి అత్తను ఊహించుకుని నేను కొంగు బిగించి సిద్ధంగా ఉన్నాను గానీ, ఆమె వస్తూనే వాకిట్లో కూలబడి కళ్ళు తుడుచుకుంది.

“మా మరిది గీ రోగంతోనే పోయిండు టీచరమ్మా. ముప్పై ఏండ్ల కింద. దగ్గి దగ్గి నా కండ్ల ముంగట్నే పోయిండు. కోడలు సంగతి దేవుడెరుక, పోరగాండ్లనన్న దక్కిచ్చుకుంట. రేపు పొద్దుగాల బస్సుకే తీస్కపోత.”

“రేపు దవాఖానల పిల్లలకు పరీక్ష ఉంది. అది కాకుంట పిల్లలను గేటు దాటనియ్య” అన్నాను. బడిలో గొంతు అది, ముప్పైరెండేళ్ళు పనిచేసింది.

మల్లమ్మ కూడా తక్కువది కాదు. “సరె, సూపిద్దాం. డాక్టరమ్మ నోటితోని ఈడ ఉండొచ్చు అంటెనే ఉంటరు. లేకుంటె బుధారం నాడు తీస్కపోత. అప్పుడు మీరు అడ్డం రావద్దు” అంది. స్రవంతి అత్తగారి చంకలోని సంచినే చూస్తూ ఉంది.

సోమవారం అందరం బస్తీ దవాఖానకు వెళ్ళాం. స్రవంతి తెమడ మళ్ళీ పరీక్షకు ఇచ్చింది. పిల్లలను పెద్ద దవాఖానకు రాసి పంపారు. అక్కడ ఛాతీ ఫోటో తీశారు, బరువు చూశారు, చేతికి సూది పరీక్ష చేశారు. జ్యోత్స్న ఏడవలేదు గానీ, కారిడార్‌లో తుడిచిన నేల కనబడగానే టక్కున ఆగిపోయి, అది ఆరేదాకా కదలనని మొరాయించింది. స్రవంతి వెనక్కి తిరిగి గోడవైపు నిలబడింది.

మంగళవారమంతా ఆమె పిచ్చిదానిలా ఇల్లు తోముతూనే ఉంది. వద్దన్నా వినలేదు. మల్లమ్మ కూడా చూడలేక చేతిలో గుడ్డ లాక్కుంది. “కూసో పిల్లా. అరిగిపోతవు” అంది. ఖాళీ సంచి మాత్రం తలుపు వెనక మేకుకు వేలాడుతూనే ఉంది.

బుధవారం కాగితాలు వచ్చాయి. బస్తీ దవాఖాన డాక్టరమ్మ చిన్న పిల్ల, నా శిష్యురాలి వయసు ఉంటుంది. ఫోటోలు వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. స్రవంతి పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుడికి మొక్కుకుందో అడగలేదు.

“ఇద్దరి ఊపిరితిత్తులూ శుభ్రంగా ఉన్నాయి. జబ్బు లేదు” అంది డాక్టరమ్మ. “రాకుండా ఇద్దరికీ మాత్రలు ఇస్తాను, మానకుండా వేయాలి. స్రవంతీ, మీ తెమడలో కూడా ఇప్పుడు క్రిములు కనబడలేదు. మందులు బాగా పనిచేస్తున్నాయి. అయినా పూర్తయ్యేదాకా ఒక్కరోజు కూడా మానకూడదు. కిటికీ తీసి ఉంచండి, దగ్గొస్తే గుడ్డ అడ్డం పెట్టుకోండి.”

మల్లమ్మ ముందుకు జరిగింది. “బిడ్డా, గవన్ని కాదు. పోరగాండ్లు తల్లి కాడ ఉండొచ్చా? నోటితోని చెప్పు.”

“ఉండొచ్చు పెద్దమ్మా.”

“పక్కన పండుకోవచ్చా?”

“పడుకోవచ్చు. ముద్దు కూడా పెట్టుకోవచ్చు.”

స్రవంతి అక్కడే బల్ల మీద కూలబడి, చున్నీలో ముఖం దాచుకుని బావురుమంది. రమేష్ ఆ రోజు డ్యూటీ మానుకుని వచ్చాడు. భార్య భుజం మీద చెయ్యి వేసి, ఏమనాలో తెలియక “ఇగ ఏడ్వకు, ఇగ ఏడ్వకు” అని అదే మాట అంటూ ఉన్నాడు.

ఇంటికి రాగానే మల్లమ్మ మేకుకున్న సంచి తీసింది. దాన్ని మడిచి, తలగడ కింద పెట్టుకుంది. “వాళ్ళు రాకుంటె నేనే ఉంట. దీపావళి దాంక నీకు వండిపెడ్త. నువ్వు కడుపునిండ తిని పండుకో” అంది కోడలితో. కొడుకును మాత్రం గట్టిగా తిట్టింది, ఇన్నాళ్ళు భార్యను ఇట్లా ఒంటరిగా ఎందుకు వదిలిపెట్టావని. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

స్రవంతి నేల మీద కూర్చుని ఎర్ర టేపు ఒలవడం మొదలుపెట్టింది. పళ్ళేనిది, గ్లాసుది, చెంబుది ఒలిచేసింది. చివరికి నేల మీది గీత. టేపు ఊడినా జిగురు చార ఉండిపోయింది. ఆమె చేతులు చారను వదిలిపెట్టే చేతులా! కొబ్బరినూనె రుద్ది, గోకి, సబ్బునీళ్ళతో ఆ చివర నుంచి ఈ చివర దాకా తుడిచేసింది. తుడిచాక గోడకు ఆనుకుని “రా బిడ్డా” అని చేతులు చాపింది.

జ్యోత్స్న కదల్లేదు. పాత గీత ఉన్నచోటికి వచ్చి ఆగిపోయింది.

“తడి ఉంది” అంది.

ఇన్నాళ్ళూ లేని తడి ఆ రోజు నిజంగానే ఉంది. స్రవంతి నా వైపు చూసి, ఏడుపూ నవ్వూ కలిసిపోగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రమేష్ ఫ్యాన్ వేశాడు. కిటికీలోంచి గాలి వస్తోంది. మల్లమ్మ, రోహిణి, రమేష్, నేను, పలక పట్టుకున్న జ్యోత్స్న, అందరం నిలబడి నేల ఆరడం చూశాం. అరవైఆరేళ్ళలో నేనంత శ్రద్ధగా ఏదీ చూడలేదు.

కాసేపటికి జ్యోత్స్న గొంతుక్కూర్చుని అరచేత్తో నేల తడిమింది. చెయ్యి తిప్పి చూసుకుంది. మళ్ళీ తడిమింది.

“అక్కా, ఆరింది” అంది.

పరుగెత్తలేదు. జారి పడకుండా, అమ్మ నేర్పినట్టే ఒక్కో అడుగు చూసి వేసుకుంటూ వెళ్ళింది. వెళ్ళి అమ్మ ఒళ్ళో కూర్చుంది. రోహిణి మాత్రం రెండంగల్లో దూకి తల్లి మెడ పట్టుకుంది. చిన్నది తలెత్తి తల్లి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

“అమ్మా, మళ్ళ తుడుస్తవా?”

తొమ్మిదో అంతస్తు మొత్తం మీద ఒక్క మరక ఉండనివ్వని స్రవంతి పిల్ల నెత్తి మీద ముద్దు పెట్టింది.

“తుడువను బిడ్డా. ఎంత మాసినా సరే, ఇయ్యాల తుడువను.”